మేరీ క్యూరీ రేడియాన్ని అసలు ఎలా వేరు చేశారు?

పలకబలపం:
మేరీ క్యూరీ గురించి ఎక్కడ చదివినా "కురిసే షెడ్డులో నాలుగేళ్లు కష్టపడి టన్నుల ఖనిజం నుంచి రేడియం తీశారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ నాలుగేళ్లూ చేసిన పనేమిటో చెప్పేవాళ్లు తక్కువ. కంటికి ఆననంత పదార్థం ఏ దశలో ఎటు పోతోందో ఆమెకు ఎలా తెలిసేది? బేరియం నుంచి విడదీయడం ఎందుకంత కష్టమైంది? స్కూల్లో చదివిన రసాయనం గుర్తున్నవాళ్లకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?

ద్రావణి:
మీ మొదటి ప్రశ్నలోనే అసలు కీలకం ఉంది. ఆమె ఓపికను అందరూ మెచ్చుకుంటారు కానీ, దారి చూపింది కొలత. ఆమె భర్త పియేర్, ఆయన అన్న జాక్ కలిసి తయారుచేసిన క్వార్ట్జ్ (ఒక రకం స్ఫటికం) పరికరం, అతి కొద్ది విద్యుదావేశాన్ని కూడా చూపే ఎలక్ట్రోమీటరు ఆమె చేతిలో ఉన్నాయి. రెండు లోహపు పలకల్లో కిందిదాని మీద పరీక్షించే పొడిని పలచగా పరుస్తారు. పొడి నుంచి వచ్చే కిరణాల వల్ల పలకల మధ్య గాలి విద్యుత్తును కాస్త ప్రవహించనిస్తుంది. క్వార్ట్జ్ పలకకు బరువు వేలాడదీస్తే అందులోంచి విద్యుదావేశం పుడుతుంది. ఆ ఆవేశంతో ఎలక్ట్రోమీటరు ముల్లు సున్నా దగ్గరే నిలిచేలా సరిచూసి, ఎంత బరువుకు ఎంత సమయం పట్టిందో లెక్కగడితే ప్రవాహం ఎంతో తెలుస్తుంది. ఏ రసాయన క్రియ చేసినా అవక్షేపాన్ని ఒకసారి, మిగిలిన ద్రావణాన్ని ఆరబెట్టి ఒకసారి కొలిస్తే కిరణాలిచ్చే పదార్థం ఎటు వెళ్లిందో బయటపడుతుంది.

కొత్త మూలకం ఉందన్న అనుమానం కూడా ఇలాగే వచ్చింది. పిచ్‌బ్లెండ్ అనే యురేనియం ఖనిజం శుద్ధ యురేనియం కంటే మూడు నాలుగు రెట్లు చురుగ్గా కనిపించింది, అంటే అన్ని రెట్లు ఎక్కువ కిరణాలిచ్చింది. చాల్కోలైట్ అనే మరో ఖనిజాన్ని ఆమె శుద్ధ రసాయనాలతో ప్రయోగశాలలోనే తయారుచేసి కొలిచారు. యురేనియం పాళ్లకు తగినంతే వచ్చింది, సహజ ఖనిజం మాత్రం దానికి చాలా రెట్లు ఎక్కువ ఇచ్చింది. అంటే ఖనిజంలో యురేనియం కాకుండా ఇంకేదో ఉంది. నా దృష్టిలో ఆమె చేసిన ప్రయోగాల్లో అన్నిటికంటే అందమైనది ఇదే. 1898 జులైలో, రసాయన క్రియల్లో బిస్మత్ అనే లోహం వెంట పోయే పొలోనియాన్ని, అదే ఏడాది డిసెంబరు 26న బేరియం వెంట పోయే రేడియాన్ని ప్రకటించారు.

గాజుకడ్డీ:
రసాయనం సంగతి నేను చెబుతాను. ముడిసరుకు బొహీమియాలోని యోవాఖిమ్‌స్టాల్ గనుల నుంచి వచ్చేది. యురేనియం తీసేశాక పారేసిన గోధుమరంగు చెత్త అది. యురేనియం పోయినా రేడియం అందులోనే ఉండిపోతుంది, ఎందుకంటే రేడియం సల్ఫేట్ నీళ్లలోనూ ఆమ్లాల్లోనూ దాదాపు కరగదు. చిక్కూ అక్కడే మొదలవుతుంది. కరగనిదాన్ని ముందు కరిగించుకోవాలి.

అందుకని చెత్తను గాఢ సోడియం కార్బొనేట్ ద్రావణంతో మరిగిస్తారు. సల్ఫేట్లు కార్బొనేట్లుగా మారతాయి. నీళ్లతో బాగా కడిగి సల్ఫేటును వదిలించాలి. కడగడం చాలకపోతే తరువాత ఆమ్లం పోసినప్పుడు మిగిలిన సల్ఫేటు రేడియాన్ని పట్టుకుని మళ్లీ అడుగున కూర్చుంటుంది, పడ్డ శ్రమంతా వృథా. కడిగినదాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే బేరియం, రేడియం సల్ఫేట్లు దిగుతాయి. ఒక టన్ను చెత్తకు ఇలాంటి ముడి సల్ఫేట్లు 10 నుంచి 20 కిలోలు. వాటిలోంచి సీసం, ఇనుము, కాల్షియం లాంటివి తీసేస్తే మిగిలేది 8 కిలోల దాకా బేరియం క్లోరైడ్. రేడియం అందులో లేశమాత్రం. చురుకు యురేనియానికి సుమారు 60 రెట్లు.

ఇక అంశిక స్ఫటికీకరణం. రేడియం, బేరియం ఒకే కుటుంబానివి. ఒకటి అవక్షేపిస్తే రెండోదీ అవక్షేపిస్తుంది, కాబట్టి మామూలు క్రియలతో విడిపోవు. తేడా అల్లా ద్రావణీయతలో. రేడియం క్లోరైడ్ కాస్త తక్కువ కరుగుతుంది. మరిగే నీళ్లలో సంతృప్త ద్రావణం చేసి, మూతపెట్టి చల్లారనిస్తే అడుగున చేరే స్ఫటికాలు పైన మిగిలినదానికంటే సుమారు 5 రెట్లు చురుగ్గా ఉంటాయి. పై ద్రావణాన్ని రెండో గిన్నెలోకి వంచి, ఇంకించి, మళ్లీ స్ఫటికాలు కట్టిస్తారు. ఆపైన ప్రతి విడతలోనూ ఒక గిన్నెలోంచి వంచిన ద్రావణం పక్క గిన్నెలోని స్ఫటికాల మీదికి పోతుంది, ఎందుకంటే ఆ రెండింటి చురుకు దాదాపు సమానం. ఇలా రేడియం ఈ చివరకు, బేరియం ఆ చివరకు జరుగుతూ పోతాయి. చివరి గిన్నెలో చురుకు నామమాత్రమయ్యాక దాన్ని తీసేస్తారు.

పదార్థం తగ్గేకొద్దీ కష్టం పెరుగుతుంది. గిన్నెలు చిన్నవవుతాయి, స్ఫటికాలు చిటికెడే ఉంటాయి. నీళ్లలో మరీ ఎక్కువ కరిగిపోకుండా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలుపుతూ పోవాలి. అలాంటి దశలో ఇనుప దుమ్ము, బొగ్గు దుమ్ము ఎగిరే షెడ్డు పెద్ద శత్రువు. పైకప్పు అద్దాల్లోంచి వాన కారేది. పొగలు పీల్చే ఏర్పాటు లేక, విషవాయువులు వచ్చే పనులు పెరట్లోనే చేసేవారు.

త్రాసుముల్లు:
ఒక చిన్న చేర్పు. ఒక్కో విడతకు 20 కిలోల దాకా వేసి, తన ఎత్తున్న ఇనుప కడ్డీతో కలియబెట్టేవారన్నది నిజమే. అయితే 1899 నుంచి టన్నుల స్థాయి మొదటి దశలను రసాయన శాస్త్రవేత్త ఆంద్రే డెబియెర్న్ పర్యవేక్షణలో ఒక రసాయన కర్మాగారంలో చేయించారు. స్ఫటికీకరణం చివరి దశలు మాత్రం మేరీవే. ఈ మాట చెబితే ఆమె గొప్పదనం తగ్గదు, పని ఎంత పెద్దదో తెలుస్తుంది.

శుద్ధి అయిందని ఎలా నమ్మాలి? పరమాణు భారంతో. తూచిన క్లోరైడును కరిగించి, వెండి నైట్రేట్ కలిపి, వచ్చిన వెండి క్లోరైడును తూస్తారు. 100 మి.గ్రా. బేరియం క్లోరైడు అయితే సుమారు 138 మి.గ్రా., అంతే రేడియం క్లోరైడు అయితే 96.5 మి.గ్రా. వెండి క్లోరైడు రావాలి. ఒక్క మి.గ్రా. బేరియం క్లోరైడు మిగిలిపోయినా లెక్కలో వచ్చే పరమాణు భారం ఒకటికి పైగా తగ్గిపోతుంది. యురేనియానికి 7500 రెట్ల చురుకున్న నమూనాకు కూడా పరమాణు భారం 146 దగ్గరే ఆగింది. బేరియం 137 కదా, అంటే అందులో ఇంకా చాలావరకు బేరియమే. 1902లో 0.1 గ్రాము క్లోరైడుతో 225 వచ్చింది. ఇప్పటి విలువ 226.

పలకబలపం:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. మరి లోహంగా ఎప్పుడు చూశారు? ఈ పనంతా ఆమె ఆరోగ్యాన్ని ఏం చేసింది?

ద్రావణి:
ఆరోగ్యం సంగతి ముందు. వేళ్ల చివర్లు గట్టిపడి, చర్మం ఊడేది. రేడియం నుంచి ఎప్పుడూ రేడాన్ వాయువు వస్తుంటుంది కాబట్టి గదిలో గాలి కూడా ప్రమాదమే. 1934 జులై 4న అప్లాస్టిక్ ఎనీమియాతో (ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) చనిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్స్‌రే వాహనాల్లో సరైన రక్షణ లేకుండా పనిచేయడాన్నీ కారణాల్లో చేర్చాలి. రేడియం అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 1600 ఏళ్లు, అందుకే ఆమె నోటు పుస్తకాలను ఈనాటికీ సీసపు పెట్టెల్లో ఉంచుతున్నారు.

లోహం 1910లో, డెబియెర్న్‌తో కలిసి. రేడియం క్లోరైడు ద్రావణంలో పాదరసాన్ని కాథోడుగా (రుణ ధ్రువంగా) పెట్టి విద్యుద్విశ్లేషణ చేశారు. రేడియం పాదరసంతో కలిసి అమాల్గం అయింది. దాన్ని హైడ్రోజన్‌లో వేడిచేసి పాదరసాన్ని ఆవిరిగా పంపేస్తే తెల్లగా మెరిసే లోహం మిగిలింది. గాలి తగలగానే నల్లబడింది.