సంక్రాంతికి ఐఐటీ గువాహటి క్యాంపస్‌కి వెళ్తున్నాం, ఒక్క రోజులో ఏం చూడొచ్చు?

గోదారిగట్టు:
మా తమ్ముడు ఐఐటీ గువాహటిలో సెకండ్ ఇయర్. ఈ పండక్కి వాడికి రావడం కుదరదట, అందుకే అమ్మానాన్నల్ని తీసుకుని మేమే వెళ్దామనుకుంటున్నాం. మాది రాజమండ్రి. నాన్నకి బ్రహ్మపుత్ర చూడాలని ఎప్పటినుంచో కోరిక, క్యాంపస్ నది ఒడ్డునే అని తెలిసాక ఇక ఆగడం లేదు. తమ్ముడినడిగితే "రండి, చూద్దాం" అంటాడే తప్ప వివరాలు చెప్పడు. బయటివాళ్ళని లోపలికి రానిస్తారా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నడిచి తిరగ్గలదా? లోపల్నుంచి నది బాగా కనిపిస్తుందా, లేక అదంతా ఫొటోల్లోనేనా?

పాతబ్యాచ్:
నేనక్కడే చదివాను, తప్పకుండా వెళ్ళండి. మీ తమ్ముడు చదువుతున్నాడు కాబట్టి లోపలికి వెళ్ళడం కష్టం కాదు, కాకపోతే వాడు ముందుగా సెక్యూరిటీ వాళ్ళని అడిగి పద్ధతి కనుక్కుని ఉంచాలి, అందరూ ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. గెస్ట్ హౌస్‌లో గది కావాలంటే అది కూడా వాడి చేతే ఇప్పుడే అడిగించండి. క్యాంపస్ 700 ఎకరాలు, పైగా ఎత్తుపల్లాలు, అమ్మగారు నడవలేరు. క్యాబ్ లోపలికి రానిస్తారేమో అడిగి రోజంతా మాట్లాడుకోండి.

నది సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. లోపల తిరుగుతున్నంతసేపూ కళ్ళకి కనిపించేవి చెరువులు, వెనక కొండలు. చలికాలం ఆ చెరువుల్లోకి వలస పక్షులు దిగుతాయి, పొద్దున్నే పొగమంచు విడిపోతున్నప్పుడు గట్టు మీద నిలబడితే నీళ్ళ మీద బాతులు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి, నాకైతే క్లాసుల కన్నా ఎక్కువ గుర్తున్నది అదే. నది దక్షిణం వైపు అంచున ఉంటుంది, తమ్ముడిని అటు తీసుకెళ్ళమనండి. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, ఆ ప్రవాహం పైకి తెలియదు.

ముఖ్యమైన విషయం: అక్కడ పొద్దు తొందరగా గూకుతుంది. జనవరి మధ్యలో ఐదు లోపే సూర్యాస్తమయం, మనకంటే దాదాపు గంట ముందు. మన లెక్కన టీ తాగి ఐదున్నరకి బయల్దేరితే చీకటే. నాలుగుకల్లా నది దగ్గర ఉండండి.

ఇంకోటి, హాస్టళ్ళ పేర్లు చూపించమనండి నాన్నగారికి. బ్రహ్మపుత్ర, బరాక్, కామెంగ్, మానస్, సుబన్‌సిరి, ధన్‌సిరి... అన్నీ అక్కడి నదుల పేర్లే. గోదావరి ఒడ్డున పుట్టినాయన కదా, సంతోషిస్తారు.

కాకినాడకాజా:
మా అమ్మాయిని దింపడానికి వెళ్ళినప్పుడు మేం విమానాశ్రయం నుంచి జలుక్‌బారి మీదుగా సరాయ్‌ఘాట్ వంతెన దాటి వెళ్ళాం. నది చూడ్డానికి ఆ వంతెన చాలు అనిపించింది మాకు. రాజమండ్రి వాళ్ళకి మొదట చూడగానే "ఇంతేనా" అనిపించొచ్చు, ఎందుకంటే మన పాత హేవలాక్ వంతెన రెండున్నర కిలోమీటర్లకు పైనే, సరాయ్‌ఘాట్ కిలోమీటరున్నర. అంత పెద్ద నది అక్కడ కొండల మధ్య ఇరుక్కుని ఇరుకుగా పారుతుంది. 1671లో అహోం రాజ్య సేనాని లచిత్ బర్‌ఫుకన్ మొఘల్ సైన్యాన్ని ఆపింది కూడా ఆ ఇరుకులోనే, పడవల మీద. సరాయ్‌ఘాట్ పాత వంతెన 1962లో వచ్చింది, పైన రోడ్డు, కింద రైలు, అచ్చం మన రోడ్డు కం రైలు వంతెన లాగే. అంతకు ముందు రైలు ప్రయాణికులు అమీన్‌గావ్ దగ్గర దిగి ఫెర్రీలో అవతలి ఒడ్డున ఉన్న పాండు వెళ్ళేవాళ్ళట. ఇవన్నీ మీ నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్ళండి, వంతెన మీద ఊరికే దాటెయ్యరు.

కామాఖ్య గుడి కూడా అదే రోజు పెట్టుకోకండి. దర్శనానికి పూటంతా క్యూలోనే పోవచ్చు, తమ్ముడితో గడిపే టైమే ఉండదు.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ అండీ. కామాఖ్య మర్నాటికి మార్చేశాం. భోగి రోజు అక్కడే ఉంటాం, ఆ రోజుల్లో అక్కడ కూడా ఏదో పండగట కదా, హోటళ్ళు, క్యాబ్‌లు దొరుకుతాయా? చలి బాగా ఉంటుందా?

పాతబ్యాచ్:
మాఘ్ బిహు. ముందు రాత్రి అందరూ కలిసి భోజనాలు చేస్తారు, దాన్ని ఉరుకా అంటారు, తెల్లవారుజామున వెదురూ గడ్డీ పేర్చిన మేజీని వెలిగిస్తారు. మన భోగి మంటే అనుకోండి, అమ్మగారు ఇట్టే కలిసిపోతారు. తెలిసిన అస్సామీ కుటుంబం ఉందేమో తమ్ముడిని అడగమనండి, నువ్వుల పిఠా (బియ్యప్పిండి వంటకం), కొబ్బరి లడ్డు పెట్టకుండా పంపరు. క్యాబ్ ముందురోజే మాట్లాడుకోండి, పండగ పూట దొరకడం కష్టం. చాలా దుకాణాలు కూడా మూసేస్తారు.

రాత్రిపూట చలి పది డిగ్రీల దాకా పడిపోతుంది, పెద్దవాళ్ళకి స్వెటర్లతో పాటు సాక్సులు కూడా పెట్టండి. పొద్దుటి పొగమంచుకి విమానాలు ఆలస్యమవుతుంటాయి, తిరుగు టికెట్ మధ్యాహ్నానికి తీసుకోండి. ఆవకాయ చెక్‌ఇన్ లగేజీలో వెయ్యండి, హ్యాండ్‌బ్యాగులో ఆపేస్తారు. అరిసెలు మాత్రం తమ్ముడి ఒక్కడికే లెక్కేసి చేయించకండి, హాస్టల్లో ఆ వింగ్ మొత్తానికి సరిపోవాలి.