పేమెంట్ గేట్‌వే కీలు సరైనవో కావో సేవ్ చేసేటప్పుడే తెలిసేదెలా?

పర్లాకిమిడిలో మా మావయ్యకి కొమ్ము బొమ్మల దుకాణం. కొంగలు, దువ్వెనలు కావాలని పాతపట్నం, శ్రీకాకుళం నుంచి కూడా అడుగుతున్నారని పైథాన్‌లో సైటు రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే గేట్‌వే రేజర్‌పే; దాని కీ ఐడీ, సీక్రెట్ అడ్మిన్ పేజీలో మావయ్యే పెట్టుకోవాలి. తప్పు కీ పెట్టినా సేవ్ అయిపోతోంది, ఎవరైనా డబ్బు కట్టబోతే అప్పుడు బయటపడుతోంది. సరిచూడటానికి రూపాయి ఆర్డర్ క్రియేట్ చేస్తున్నాను. సేవ్ నొక్కిన ప్రతిసారీ డాష్‌బోర్డులో ఒకటి చేరుతోంది. "ఇదెవరి ఆర్డరు, ఏం పంపాలి" అని మావయ్య ఫోన్ చేస్తున్నారు. వేరే దారి ఉందా?

జవాబు (బ్రహ్మపురం నుంచి)
ఆర్డర్ అక్కర్లేదు తమ్ముడూ. ఏదీ మార్చకుండా చదివే రిక్వెస్ట్ చాలు. పేమెంట్స్ జాబితాకి కౌంట్ 1 పెట్టి గెట్ రిక్వెస్ట్ పంపు. బేసిక్ ఆథ్‌లో కీ ఐడీ యూజర్‌నేమ్, సీక్రెట్ పాస్‌వర్డ్. 200 వస్తే ఆ జత సరైనదే, 401 వస్తే తప్పు. టైమౌటో 500 ఎర్రరో (అవతలి సర్వర్‌లో సమస్య) వస్తే మాత్రం కీ తప్పని చూపించకు, కాసేపాగి మళ్లీ నొక్కమను. ఈ కాల్ సర్వర్ నుంచే వెళ్లాలి. బ్రౌజర్ నుంచి పంపితే సీక్రెట్ బయటపడుతుంది.

ఇంకొకటి, నేను దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నాను. టెస్ట్ కీలకీ (అసలు డబ్బు కదలకుండా ప్రయత్నించి చూసుకునే కీలు) 200 వస్తుంది. ఒక చీరల దుకాణం సైటులో టెస్ట్ కీలు వదిలేశాను. ఒకావిడ నెట్‌బ్యాంకింగ్ ఎంచుకుంటే నమూనా బ్యాంకు పేజీ వచ్చింది, సక్సెస్ నొక్కారు. మా దగ్గర పెయిడ్ అని పడింది, చీర వెళ్లిపోయింది, డబ్బు రాలేదు. అందుకే కీ ఐడీ మొదలు చూడు. 'ఆర్‌జెడ్‌పీ' తర్వాత 'లైవ్' ఉందో 'టెస్ట్' ఉందో తెలుస్తుంది. టెస్ట్ అయితే పేజీ పైన ఎర్రగా రాసి పెట్టు.

జవాబు (గుణుపురం నుంచి)
అమెరికా క్లయింట్ల పని చేసేవాళ్లకి: ఆథరైజ్ డాట్ నెట్ అనే పేమెంట్ గేట్‌వేలో దీనికోసమే 'ఆథెంటికేట్ టెస్ట్ రిక్వెస్ట్' ఉంది. శాండ్‌బాక్స్ (టెస్ట్) కీలు లైవ్ చిరునామాకి పంపితే సరైనవైనా ఫెయిలవుతాయి.

అడిగినవాడినే
గెట్ పెట్టాను అన్నా, అయినా 401. రెండు గంటలు టెన్షన్ పడ్డాను. చివరికి కనిపించని అక్షరాలూ చూపించే పైథాన్ ఫంక్షన్ రిపర్‌తో ప్రింట్ చేస్తే సీక్రెట్ చివర న్యూలైన్ కనిపించింది. మావయ్య వాట్సాప్‌లో తనకి తానే పంపుకుని అక్కణ్నుంచి కాపీ చేశారట. అలాంటివి తీసేసే స్ట్రిప్ వేశాను, 200 వచ్చింది. సీక్రెట్ వాట్సాప్‌లో ఉండకూడదని ఆ మెసేజ్ తీయించి, కొత్త కీలు జెనరేట్ చేయించాను. టెస్ట్ అయితే ఎర్ర పట్టీ కూడా వస్తోంది.