బాల్డర్స్ గేట్ 3: గ్రిమ్‌ని సుత్తి కిందకి ఎలా రప్పించాలి?

ఈ వీడియో గేమ్‌లో కష్టమైన టాక్టిషియన్ మోడ్ ఆడుతూ, అడమాంటైన్ ఫోర్జ్ అనే లావా కొలిమి దగ్గర గ్రిమ్ అనే బాస్‌తో ఫైట్‌లో ఇరుక్కుపోయాను. పార్టీ అంతా లెవెల్ 5: నా పాలడిన్, కార్లాక్, షాడోహార్ట్, గేల్.

లావా వాల్వ్ తిప్పితే గ్రిమ్ వేడెక్కుతాడు, అప్పుడే దెబ్బలు తగులుతాయి, చివరగా కొట్టినవాళ్ల వెంటే పడతాడు. ఇంతవరకూ తెలుసు. అందుకే గేల్‌ని కొలిమిలోని పెద్ద సుత్తిని కిందకి దించే లివర్ దగ్గర పెట్టి, కార్లాక్‌తో కొట్టించి, సుత్తికి అవతలి వైపు నిలబెడుతున్నాను. కానీ గ్రిమ్ సరిగ్గా సుత్తి కింద ఆగడు. దాటొచ్చి కార్లాక్‌ని చితక్కొడతాడు, లేదంటే అడుగు ఇవతలే ఆగిపోతాడు. ఒకసారి సుత్తి పడింది, కింద ఉన్నది కార్లాక్ ఒక్కతే!

క్యారెక్టర్ల స్టాట్స్ మార్చిపెట్టే విదర్స్‌కి 100 గోల్డ్ ఇచ్చి గేల్ డెక్స్టెరిటీ పెంచాను. ఇప్పుడు వాడి టర్న్ గ్రిమ్ కంటే ముందే వచ్చేస్తోంది, ఇంకా ఇబ్బంది. షాడోహార్ట్ గదతో కొట్టించినా, దెబ్బలు బాగానే పడుతున్నాయి గానీ గ్రిమ్ చల్లారేలోపు పని పూర్తవడం లేదు. కార్లాక్ చేతిలో ఉన్నది గొడ్డలి, గ్రిమ్‌కి ఎక్కువగా తగిలే మొద్దు దెబ్బల ఆయుధం కాదు.

టాక్టిషియన్‌లో గెలిచినవాళ్లు చెప్పండి: గ్రిమ్ సుత్తి కిందే ఆగాలంటే కొట్టేవాళ్లని, లివర్ లాగేవాళ్లని ఎక్కడ, ఏ టర్న్ వరుసలో పెట్టాలి?