అప్‌డేట్: గుండ్రటి స్టెన్సిల్ ఫాంట్‌లో అక్షరాలు విడిపోయినట్టు కనిపించే సమస్య తీరింది

నేను ముందు అడిగింది ఇదీ: గీత మందం 140 యూనిట్లు, వంతెన ఖాళీ 30 (1000 యూనిట్ల ఎమ్‌లో, అంటే అక్షరం గీసే చదరంలో). స్టెన్సిల్ అంటే రంగు వేయడానికి అక్షరాలు కోసిన రేకు; లోపలి ముక్క ఊడిపోకుండా గీత మధ్యలో కోయకుండా వదిలే పట్టీ వంతెన. లెక్కకు ఖాళీ చిన్నదే, చూస్తే అక్షరం రెండు ముక్కలు. కటింగ్‌లో మాత్రం అదే వంతెన తెగిపోతోంది.

తప్పు ఖాళీలో లేదు, గుండ్రదనంలో ఉంది. ఖాళీకి రెండు వైపులా 70 వ్యాసార్థంతో పూర్తి అర్ధవృత్తాలు పెడితే మధ్యలో 30 ఉన్న ఖాళీ అంచుల దగ్గర 170 అవుతుంది. కన్ను ఆ అంచునే చూస్తుంది. ఇప్పుడు బయటి కొసలకు 70 అలాగే ఉంచి, వంతెన వైపు మూలలకు 24 మాత్రమే ఇచ్చాను. ఖాళీ 44కి పెంచినా అంచు దగ్గర 92 దాటదు. అక్షరం ఎంత చక్కగా కలిసిపోయిందో!

అక్షరం ఎత్తు 700 యూనిట్లు కాబట్టి 5 సెంటీమీటర్ల అక్షరంలో వంతెన 2.1 నుంచి 3.1 మిల్లీమీటర్లకు పెరిగింది. 'ర', సున్న లాంటి వాటికి వంతెనలు రెండు, ఎదురెదురుగా ఉండాలి. ఒక్కటే ఉంటే లోపలి ముక్క ఊగి, కిందికి రంగు పాకుతుంది. 'ఠ' లోపలి చుక్క వట్టి రంధ్రమే, దానికి వంతెన అక్కర్లేదు.

మూలలు గుండ్రం చేసే ముందు ఓవర్‌ల్యాప్‌లు తీసేయండి (ఒకదానిపై ఒకటి పడిన గీతలను ఒకే ఆకారంగా కలపండి), లేకపోతే గీతలు కలిసేచోట నొక్కులు పడతాయి. అక్షరాల మధ్య దూరం వంతెన ఖాళీకంటే స్పష్టంగా ఎక్కువ ఉండాలి. రెండూ సమానమైతే పదం చదవలేం.