అప్‌డేట్: బేక్డ్ ఓట్స్ మధ్యలో జావలా ఉండడం, కిస్‌మిస్ మాడడం – రెండు సమస్యలూ తీరాయి

పిల్లల టిఫిన్‌కి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) ఓట్స్ బేక్ చేస్తే మధ్యలో జావలా ఉంటోందని, పైన కిస్‌మిస్ మాడి చేదొస్తోందని మొన్న అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. మూడు ఆదివారాలు ప్రయత్నించాక ఇప్పుడు బాగా కుదిరింది.

అసలు తప్పు ఓట్స్‌లోనే ఉంది. నేను వాడింది ఇన్‌స్టంట్ ఓట్స్. అవి సన్నగా ఉంటాయి కదా, పాలు తగలగానే మెత్తబడి ముద్దైపోతున్నాయి. "రోల్డ్ ఓట్స్ వాడండి" అన్న సలహాతోనే సగం సమస్య తీరింది; అవి కాస్త మందంగా ఉండే రేకులు. గిన్నె కూడా మరీ లోతుగా ఉండేది. 8 అంగుళాల వెడల్పు ట్రేకి మార్చాను.

కిస్‌మిస్, ఖర్జూరం, అంజీర్ ముక్కలు 15 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వడకట్టి, పైన చల్లకుండా లోపలే కలిపేస్తున్నాను. ఇక మాడట్లేదు. కొరికితే మెత్తగా, తియ్యగా తగులుతున్నాయి.

ఇప్పటి కొలత: 2 కప్పుల ఓట్స్, ఒకటిన్నర కప్పుల పాలు, 1 గుడ్డు, బాగా మగ్గిన 2 అరటిపండ్లు, చెంచా బేకింగ్ పౌడర్, యాలకుల పొడి. పంచదార, బెల్లం అసలు వెయ్యలేదు. ముందే వేడి చేసిన ఓటీజీలో 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. తీశాక పది నిమిషాలు కదపకుండా ఉంచాలి, అప్పుడే ముక్కలు విడిపోకుండా వస్తాయి.

బేకింగ్ పౌడర్ పాతదేమోనని కొత్తది కొన్నాను కానీ, దానివల్ల తేడా ఏమీ రాలేదు. గుడ్లు పెంచినా అంతే.