దాపలా, దాపటా, డాపలా: మాటలాటలో తేలని ఒక మార్కు

హనుమకొండ:
మొన్నటి ఆదివారం మాటలాటలో ప్రశ్న వేసే వంతు నాది. అర్థమూ పుట్టుకా చెప్పి మాటను దాచిపెట్టాలి, రాత్రి తొమ్మిదింటి దాకా ఎవరూ నిఘంటువు ముట్టకూడదు. నేనిచ్చిన ఆధారం ఇది: "మూడక్షరాల మాట. ఎడమ పక్క అని అర్థం. చివరి రెండక్షరాలు 'లోపల', 'వెలుపల' అనే మాటల చివర ఉన్నవే. నాగలి కట్టేవారికి రోజూ అవసరం, మిగిలినవారికి ఒక్క పద్యంలోనే తగులుతుంది." అందరికంటే ముందు పరకాల మిత్రులు "దాపట" అన్నారు. తరువాత జనగామ సారు "దాపల" అన్నారు. చివరగా కరీంనగర్ మేడం "డాపల" అన్నారు. ఉన్నది ఒక్కటే మార్కు. నేను మనసులో అనుకున్నది "దాపల" కాబట్టి దానిని జనగామకు రాసేయవలసిందే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక పద్యం గుర్తు చేసుకుంటే "సౌధంబు దాపల మందార" అన్నంత వరకే నాలుక మీదికి వచ్చింది. దానితోపాటు బడిలో మా తెలుగు సారు చెప్పగా నోటుపుస్తకం అంచున పెన్సిలుతో రాసుకున్న "దాపల = దగ్గర" కూడా గుర్తుకు వచ్చింది. దగ్గర అన్నదే నిజమైతే నేనిచ్చిన ఆధారమే తప్పు, మార్కు ఎవరికీ రాదు. పెద్దలు తేల్చాలి.

పరకాల:
తేల్చడానికి ఏమీ లేదు, మార్కు నాదే. "చివరి రెండక్షరాలు లోపల అనే మాట చివర ఉన్నవే" అన్నారు. మా ఇంట్లో "లోపల" అని ఎవరూ అనరు, "లోపట" అంటారు. లోపల మాకు లోపట అయినట్లే దాపల దాపట అయింది. వలపల కూడా మా దగ్గర ఎలపట అయింది. జోడెడ్లలో కుడివైపుది ఎలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. మీ ఆధారానికి నా జవాబు అక్షరం పొల్లుపోకుండా సరిపోతుంది, పైగా నేను ఎనిమిది నిమిషాలు ముందు చెప్పాను.

జనగామ:
అక్షరం పొల్లుపోకుండా అని అక్షరమే మార్చినవారు అంటున్నారు. సరే, అది ఆట సంగతి. హనుమకొండ మిత్రులకు సగమే గుర్తున్న పద్యాన్ని పూర్తిగా ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే పోతన ఊరు బమ్మెర ఉన్నది మా జిల్లాలో, ఈ పద్యం సగంలో ఆగితే మాకు ముద్ద దిగదు.

అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దా
పల మందారవనాంతరామృతసరః ప్రాంతేందుకాంతోపలో
త్పల పర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము పాహిపాహి యనఁ గుయ్యాలించి సంరంభియై.

పోతన ఇక్కడ పురం, నగరి, సౌధం, తోట, తోటలో అమృతసరస్సు, సరస్సు ఒడ్డున చంద్రకాంతపు అరుగు, అరుగు మీద కలువల పాన్పు అంటూ ఒక్కొక్క గడప దాటించి మనలను లోపలికి తీసుకుపోతాడు. ఇంత నడిపించే కవి నడుమ ఆగి "ఎడమ పక్కన" అని దారి చెబుతాడా? అసలు ఎవరికి ఎడమ? సౌధానికి ముఖం ఏ దిక్కుకు ఉన్నదో ఆయన చెప్పలేదు, ముఖం తెలియని ఇంటికి కుడి ఎడమలు ఉండవు. కాబట్టి సౌధానికి దాపున, అంటే దగ్గర, ఉన్న మందారవనం అన్నదే నా అభిప్రాయం, చాలా టీకల్లోనూ అదే కనిపిస్తుంది. మీ తెలుగు సారు సరిగానే చెప్పారు. ఆ లెక్కన ఆధారం తప్పు. అయినా మాట సరిగ్గా చెప్పింది నేనొక్కడినే కాబట్టి మార్కు మాత్రం నాకు చెందాలి.

కరీంనగర్:
అర్థం ఒప్పుకోకుండా మార్కు ఒప్పుకోవడం ఇక్కడే చూస్తున్నాను. దయచేసి మొదటి అక్షరం చూడండి. కావ్యాల్లో ఎడమచేయి డాకేలు, ఎడమకాలు డాకాలు. అక్కడ ఉన్న "డా" అంటే ఎడమ, దానికి "పల" చేరితే డాపల. దాపల తరువాతి రూపం. తెలుగులో మాట మొదటి డకారం దకారంగా మెత్తబడడం ఒక అలవాటు: డిగు దిగు అయింది, డాఁగు దాగు అయింది. పుట్టుక అడిగిన ఆటలో పుట్టుకకు దగ్గరగా ఉన్న రూపానికే మార్కు రావాలి.

ఆ "డా" ఎక్కడిది అన్న విషయంలో నాకొక ఊహ ఉన్నది. అవన్ అనే మాట తెలుగులో వాఁడు అయింది, ఇవన్ వీఁడు అయింది, తమిళులు ఉళ్ అనేది మనకు లో అయింది. అంటే మొదటి అచ్చు వెనక్కి జరిగి హల్లు ముందుకు రావడం తెలుగుకు కొత్త కాదు. అదే దారిలో "ఎడ" అన్న మూలం "డా" అయి ఉంటుంది. అప్పుడు ఎడమ, డాపల రెండూ ఒకే కడుపున పుట్టినవి, ఒకటి తలతో తిరుగుతున్నది, రెండవది తల తీసేసుకొని తిరుగుతున్నది.

ఆదిలాబాద్:
మా పక్క మరాఠీ వారు ఎడమను డావా అంటారు, గుజరాతీలో డాబు. ఎడ తలకిందులు కావలసిన పని లేదు, పక్కింటి నుంచి వచ్చి ఉండవచ్చు. లేదా మన ఇంటి నుంచే అక్కడికి పోయి ఉండవచ్చు.

జగిత్యాల:
పెద్దవాడిని కాబట్టి ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. మీరందరూ ఎడమను పట్టుకొని వేలాడుతున్నారు, కుడిని పట్టుకుంటే పని సులువవుతుంది. వలపల అంటే కుడి అనడంలో ఎవరికీ తగాదా లేదు. గుడి చుట్టూ తిరగడాన్ని వలగొనడం అనేవారు, దేవుడిని వల పక్కన, అంటే కుడి పక్కన, ఉంచుకొని తిరగడం. పాత అచ్చు పుస్తకాల్లో అక్షరం పక్కన తొమ్మిది అంకె లాంటి గుర్తు ఉండేది, అది ముందు పలకవలసిన పొల్లు రకారం. 'ధర్మము' అన్న మాటను 'ధమ౯ము' అని అచ్చు వేసేవారు. దాని పేరు వలపలగిలక. మా నాయన ఉత్తరాల్లో చివరి వరకూ అదే వాడేవాడు, నేను చిన్నప్పుడు దానిని నిజంగానే తొమ్మిది అనుకొని చదివి మొట్టికాయ తిన్నాను.

ఇంతకూ చెప్పవచ్చినది ఏమంటే, గిలకకు వలపల ఎలా వచ్చింది? అక్షరానికి ముఖం ఉందా? చదివేవాడి కుడిని అక్షరం కుడి అన్నారు. అదే తీరున సౌధానికి ముఖం తెలియనవసరం లేదు, చూసేవాడి ఎడమే సౌధం ఎడమ. "ఎవరికి ఎడమ" అన్న జనగామ వారి ప్రశ్నకు గిలకే జవాబు. దాపలకు ఎడమ అనే అర్థం 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనే ఉన్నది, తొమ్మిది దాటింది కాబట్టి చూశాను.

జనగామ:
జగిత్యాల వారి గిలక బాగున్నది, ఒప్పుకుంటాను. కానీ గిలకను చదివేవాడు పుస్తకం ముందు కూర్చుని ఉంటాడు. వైకుంఠపు సౌధం ముందు ఎవరున్నారు? ఆ క్షణంలో ఏనుగు మడుగులో ఉన్నది, మొర వినేవాడు పాన్పు మీద ఉన్నాడు, చూసేవాడు ఎవరూ లేరు.

ములుగు:
చూసేవాడు లేకపోతేనేం, పడుకున్నవాడు ఉన్నాడు కదా. "రమావినోది" అన్నాడు. విష్ణువుకు లక్ష్మి ఎడమ పక్కన. వనం కూడా ఆమె వైపే ఉండాలని కవి ఎడమ అన్నాడు. నా వరకు ఇది తేలిపోయింది.

జనగామ:
పద్యంలో ఎడమ పక్కన ఉన్నది తోట, లక్ష్మి కాదు. భక్తి వేరు, అన్వయం వేరు.

పరకాల:
మీరందరూ పుస్తకాల ఎడమ గురించి మాట్లాడుతున్నారు. మా నాయన నాగలి కట్టిన రోజుల్లో నేను వెనక నడిచేవాడిని. దాపటెద్దుకు కుడి కొమ్ము మొన విరిగి ఉండేది, ఎలపటెద్దు తెల్లది. ఏ ఎద్దు ఏ పక్కకు అలవాటు పడితే జీవితాంతం ఆ పక్కే కట్టాలి. ఒకసారి మా చిన్నాయన తొందరలో మార్చి కట్టాడు. రెండెడ్లూ కాడి కింద ఒకదానినొకటి నెట్టుకొని సాలు పాము పోయినట్లు పోయింది, నాయన మేడి వదిలేసి గట్టు మీద కూర్చున్నాడు. అక్కడ దాపట అంటే మేడి పట్టినవాడి ఎడమ. ఎద్దు, మనిషి, నాగలి ముగ్గురూ ఒకే దిక్కుకు చూస్తారు కాబట్టి ఎవరి ఎడమ అన్న ప్రశ్నే పుట్టదు. ఈ మాటను పోతన నాగలి దగ్గరే నేర్చుకొని ఉంటాడు, "హాలికులైన నేమి" అన్నవాడు కదా. దున్నేవాడికి దాపల అంటే దగ్గర అని ఎవరైనా నేర్పగలరా?

జనగామ:
ఆ పద్యం పోతనదేనా అన్నదే పండితుల మధ్య వివాదం. దానిమీద నాగలి కట్టవద్దు.

పరకాల:
పద్యం ఎవరిదైనా, బమ్మెరలో ఇప్పటికీ పోతన నాగలి పట్టిన కథే చెబుతారు. మీ జిల్లానే కదా.

కరీంనగర్:
ఒక్క విషయం పద్యం నుంచే చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ఇది మత్తేభం. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో చెల్లవలసిన చోటు, పద్నాలుగో అక్షరం మీద. మొదటి పాదంలో "అల"లోని అకారానికి "నామూల"లోని ఆకారం, రెండవ పాదంలో "పల"లోని పకారానికి "ప్రాంత"లోని ప్రాకారం చెల్లాయి. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండవ అక్షరం, లకారం: అల, పల, త్పల, హ్వల. మనం కొట్టుకుంటున్న అక్షరం మాత్రం మొదటి పాదం చివర, ఇరవయ్యో చోట, యతికీ ప్రాసకూ అందకుండా కూర్చున్నది. అక్కడ గురువు ఉంటే చాలు, దా అయినా డా అయినా ఛందస్సుకు ఒకటే. యతిస్థానంలో ఉండి ఉంటే దకారానికి డకారం చెల్లదు కాబట్టి ఈ పాటికి తేలిపోయేది. పోతన డాపల అని రాస్తే లేఖకుడు దాపల అని దిద్దినా పద్యం కిక్కురుమనదు.

జగిత్యాల:
ఆ గమనిక ముచ్చటగా ఉన్నదమ్మా. కానీ అది మీ మార్కును కూడా మింగేసింది చూశారా? ఇంకొకటి. డా అని తేలినా ఎడమ అని తేలినట్లు కాదు. దగ్గరకు పాత రూపం డగ్గర. సమీపించడాన్ని కావ్యాల్లో డాయడం అంటారు, "డాసి" అంటే దగ్గరికి వచ్చి అని. దాపు అన్న మాటను ఆ డాయు పక్కన పెట్టి చూడండి. ఎడమకూ డా ఉన్నది, దగ్గరకూ డా ఉన్నది. అక్షరం మారినా అర్థం పట్టుబడదు.

కరీంనగర్:
ఒప్పుకుంటున్నాను. కానీ దగ్గర అనే అర్థానికి "దాపున" అన్న మాట సిద్ధంగా ఉండగా "పల" ఎందుకు చేర్చాలి? పల చేరిన మాటలన్నీ పక్కను చెప్పేవే: లోపల, వెలుపల, వలపల. దగ్గరతనం ఒక పక్క కాదు కదా.

హనుమకొండ:
చదువుతూ కూర్చుంటే నాలుగో పాదంలో "కుయ్యాలించి" దగ్గర ఆగిపోయాను. కుయ్యి అంటే మొర, ఆలించి అంటే విని. మనం రోజూ "కుయ్యో మొర్రో" అంటాం, అందులో ఉన్నది ఈ కుయ్యే అని ఇన్నేళ్లూ తోచలేదు. వచ్చే ఆదివారానికి ఇదే వేద్దామనుకున్నాను, ఇప్పుడు చెప్పేశాను కాబట్టి చెల్లదు.

జగిత్యాల:
చెల్లదు. కానీ ఆ మాట అక్కడ వేసిన తీరు చూడండి. మూడున్నర పాదాలు సంస్కృత సమాసాల పాన్పు పరిచి, ఏనుగు అరుపు దగ్గరికి వచ్చేసరికి పల్లె మాట వేశాడు. సంస్కృతంలో వెతికితే ఆయనకు మాటలు దొరకవా?

పరకాల:
నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేసి అడిగాను, దాపట అంటే ఎడమనా, దగ్గరనా అని. ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను: "ఎడమ పక్కది దాపటెద్దు బిడ్డా. అది దగ్గర గాక ఏడుంటది? రెండిటికి ఒక్క కాడే గదా." ఆ తరువాత అన్నం తిన్నావా అని అడిగింది.

జనగామ:
అమ్మగారి మాటకు నమస్కారం. దగ్గర అన్న అర్థాన్ని కూడా ఆమె కాదనలేదని గమనించగలరు.

పరకాల:
ముందు ఎడమ అన్నది, అదీ గమనించగలరు.

ఆదిలాబాద్:
అసలు మీరంతా "దాపల" మీద పడ్డారు, "నామూల" సంగతి ఎవరూ అడగలేదు. "ఆ మూల" అంటే మూలనున్న సౌధమా, మూలసౌధం అంటే నగరిలోని ప్రధాన భవనమా? మూలనున్నదైతే దానికి ఒకవైపు గోడ ఉంటుంది, తోట పెట్టడానికి మిగిలేది ఒక పక్కే, అప్పుడు ఎడమ అని చెప్పడంలో అర్థం ఉన్నది. ప్రధాన భవనమైతే నడుమ ఉంటుంది, చుట్టూ చోటు ఉంటుంది, అప్పుడు దగ్గర అనే అర్థమే నయం.

జనగామ:
ప్రధాన భవనమే. సందేహం లేదు.

కరీంనగర్:
"అల", "ఆ" అంటూ కవి దూరాన ఉన్నదానిని వేలు పెట్టి చూపిస్తున్నాడు. వేలు పెట్టి చూపేవాడు "ఆ మూల" అనే అంటాడు. పైగా ఎడమ అనడానికి కావలసిన చూసేవాడు కూడా దొరికాడు, చూపిస్తున్న కవే.

జనగామ:
మేడం, దీనికి రేపు వివరంగా రాస్తాను, ఇప్పుడు బస్సులో ఉన్నాను.

హనుమకొండ:
రాయండి సారూ. అంతవరకు ఆ మార్కును లెక్కల కాగితంలో ఎవరి పేరు ఎదురుగానూ వేయకుండా పక్కన రాసి ఉంచుతున్నాను. కుడి పక్కనే రాశాను.