వోకల్ చాప్స్ (ముక్కలుగా కోసిన గొంతు) పిచ్ పెంచితే గొంతు పాడైపోతోంది, మీరెలా చేస్తున్నారు?

లూప్_లక్ష్మణ్
మా పెదనాన్న కూతురు, నాకు అక్క అవుతుంది, కర్ణాటక సంగీతం నేర్చుకుంది, ఐదు శృతిలో పాడుతుంది. తనతో క్లిక్ (తాళం చప్పుడు) పెట్టి 96 బీపీఎంలో (నిమిషానికి 96 బీట్లు) నాలుగు లైన్లు, కొంచెం ఆలాపన రికార్డ్ చేయించాను, రాగం మోహనం. నా ట్రాక్ 128, గరాజ్ (లండన్ డ్యాన్స్ మ్యూజిక్) టైపు. ఏబుల్టన్ సాఫ్ట్‌వేర్‌లో వేసి, సాగదీసే మోడ్ కాంప్లెక్స్ ప్రో పెట్టి 5 సెమీటోన్లు (కీబోర్డ్ మీద ఐదు మెట్లు) పైకి లేపితే గొంతు నీళ్ళ తొట్టిలోంచి వస్తున్నట్టు ఉంది. ముక్కలు కోసి ప్యాడ్ల మీద వేస్తే ముక్కకీ ముక్కకీ మధ్య టిక్ టిక్‌మని చప్పుడు. గమకం ఉన్నచోట అయితే చెప్పక్కర్లేదు, ఘోరం. యూట్యూబ్‌లో చూపించేవాళ్ళంతా ఇంగ్లీష్ అకాపెల్లాలతో (వాయిద్యాలు లేని గొంతులతో) చేస్తున్నారు, వాళ్ళకి చక్కగా వచ్చేస్తోంది. మన పాట మీద చేసినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి.

గుంటూరు_గరాజ్
బ్రో, ముందు ఆ కాంప్లెక్స్ ప్రో తీసెయ్. లెక్క చూడు. 96 నుంచి 128కి అంటే వేగం 1.333 రెట్లు. టేప్ తిప్పినట్టు వేగం అంత పెంచితే పిచ్ దానంతట అదే 4.98 సెమీటోన్లు లేస్తుంది. నువ్వు అడుగుతున్న 5కి తేడా రెండు సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు), ఎవరికీ వినపడదు. అంటే నీకు టైమ్ స్ట్రెచ్ అవసరమే లేదు, వార్ప్ మోడ్ రీ-పిచ్‌లో పెట్టి ట్రాన్స్‌పోజ్ సున్నాలో వదిలేస్తే సరిపోతుంది. కాంప్లెక్స్ ప్రో గొంతుని చిన్న చిన్న తునకలుగా విరిచి మళ్ళీ అతికిస్తుంది, ఆ అతుకులే నీకు వినపడుతున్న నీళ్ళ చప్పుడు.

పాత శాంప్లర్లలో (పాట ముక్క రికార్డ్ చేసుకుని వాయించే మెషీన్లలో) స్ట్రెచ్ అనేదే లేదు కదా. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200లో మొత్తం కలిపి పట్టేది పది సెకన్లు. అందుకని 33 రికార్డుని 45 స్పీడులో తిప్పి శాంపిల్ చేసుకుని, మెషీన్‌లో కిందికి దించుకునేవాళ్ళు. అలా దించినప్పుడు వచ్చే గరగర కోసం ఇప్పుడు జనం డబ్బులు పెట్టి ప్లగిన్లు కొంటున్నారు, అది వేరే విషయం.

గరాజ్ చేస్తున్నావు కాబట్టి న్యూజెర్సీ టాడ్ ఎడ్వర్డ్స్ పని విను. 90ల నుంచి ఆయన పద్ధతి అదే, మాట మొత్తం తీసుకోడు, అక్షరమంత, ఒక్కోసారి ఊపిరంత ముక్క తీసి, వేరే వేరే పాటల ముక్కలు పక్కపక్కన పేర్చి కొత్త ట్యూన్ పుట్టిస్తాడు. లండన్ గరాజ్ వాళ్ళందరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే అనుకో.

పల్లెబీట్స్
నా సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో. రీ-పిచ్ ఎక్కడుంటుంది?

గుంటూరు_గరాజ్
శాంపిల్ చానెల్ సెట్టింగ్స్‌లో టైమ్ స్ట్రెచింగ్ మోడ్ రీశాంపుల్ అని ఉంటుంది, అదే. రీపర్ అయితే ఐటెమ్ ప్రాపర్టీస్‌లో ప్రిజర్వ్ పిచ్ టిక్ తీసెయ్యాలి.

వార్ప్_మార్కర్
అన్నా నువ్వు చెప్పింది కరెక్టే కానీ సగమే చెప్పావు. వేగంతో లేపితే పిచ్ ఒక్కటే లేవదు, ఫార్మెంట్లు కూడా లేస్తాయి. మన గొంతు, నోరు, ముక్కు ఆకారాన్ని బట్టి కొన్ని ఫ్రీక్వెన్సీలు ఎప్పుడూ ఎక్కువగా మోగుతాయి, వినేవాడి చెవి వాటిని బట్టే ఇది పెద్ద మనిషి, ఇది చిన్నపిల్ల అని పోల్చుకుంటుంది. అందుకే 5 లేపితే వాళ్ళక్క గొంతు ఆరేళ్ళ పాప గొంతులా అయిపోతుంది. 2000ల మొదట్లో హిప్‌హాప్‌లో కాన్యే వెస్ట్ వాళ్ళు కావాలనే అలా వాడారు, ఉడత గొంతు అని పేరు కూడా పడింది. లక్ష్మణ్‌కి అదే కావాలా అన్నది ముందు తేల్చుకోవాలి.

నేనైతే రెండూ కలుపుతా. రీ-పిచ్‌తో లేపేసి, తర్వాత లిటిల్ ఆల్టర్‌బాయ్ లాంటి ప్లగిన్ పెట్టి పిచ్ కదపకుండా ఫార్మెంట్ మాత్రం రెండు మూడు కిందికి దించుతా. మరీ ఐదూ దించితే మళ్ళీ ప్లాస్టిక్ వాసన వస్తుంది. కాంప్లెక్స్ ప్రోనే వాడాలంటే ఫార్మెంట్స్ స్లైడర్ పూర్తిగా పైకి పెట్టొద్దు, ఎన్వలప్ 128 దగ్గర ఉంటుంది, ఆడగొంతుకి దాన్ని తగ్గించి చూడు.

స్వరజతి
లక్ష్మణ్, మీ అసలు సమస్య ప్లగిన్ కాదు, మీరు ఏ ముక్క కోస్తున్నారన్నది. నేను పదేళ్ళ వయసు నుంచి పాడుతున్నా, ఇప్పుడు ఇంట్లో ఇలాంటివే చేసుకుంటున్నా కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇంగ్లీష్ పాప్ గొంతులో ఒక స్వరం పట్టుకున్నారంటే చాలావరకు అక్కడే నిలబడుతుంది. మన దగ్గర రిషభం అంటే ఒక చోటు కాదు, పక్క స్వరాల దాకా ఊగి వచ్చే కదలిక. మీరు ఆ ఊపు మధ్యలో కోసి ముక్క తీస్తే ఏ స్వరమో మీకే తెలియదు, కీబోర్డ్ మీద పరిస్తే ప్రతి కీ కొంచెం అపశృతిగానే మోగుతుంది. పిచ్‌ని గీతలా చూపించే మెలోడైన్‌లో పెట్టి చూడండి, గీత పాములా కనపడుతుంది. దాన్ని సాపు చేసి నడిమధ్యన కూర్చోబెట్టారనుకోండి, గొంతు చచ్చిపోతుంది.

ఇక వేగం సంగతి. అక్క గమకం సెకనుకి ఐదుసార్లు ఊగుతుందనుకుంటే 1.33 రెట్లు వేగం పెంచగానే అది దాదాపు ఏడు అవుతుంది. మేక అరిచినట్టు వినపడేది అందుకే, పిచ్ వల్ల కాదు. తమాషా ఏమిటంటే అదే గమకాన్ని కిందికి దించితే, ఒక ఐదు సెమీటోన్లు తగ్గించి చూడండి, ఊపు నిదానమై భలే నిండుగా ఉంటుంది. ఎలక్ట్రానిక్‌లో మన గమకాలు పైకి కంటే కిందికే బాగా పనిచేస్తాయని నా నమ్మకం.

మరి పైకి లేపాలంటే ఏం కోయాలి? షడ్జమం, పంచమం. రెండూ అచల స్వరాలు, వాటి మీద మామూలుగా ఊపు ఉండదు. ఆలాపనలో అక్క పై షడ్జమం మీదో పంచమం మీదో 'ఆ' అని నిలిపిన చోటు కచ్చితంగా ఉంటుంది, అందులోంచి అర సెకను తీసుకోండి. అది కీబోర్డ్ మీద అటు మూడు ఇటు మూడు సెమీటోన్ల దాకా గొంతులాగే ఉంటుంది. గమకం ఉన్న సంచారాలని కోయకుండా పొడుగ్గా, రాగం ఎక్కడ ఉంటే అక్కడే వాడుకోండి.

ఇంకో మాట. ఐదు శృతి అంటే జి. 5 లేపితే సి, అంటే ఒకటి శృతికి వచ్చింది. మీ ట్రాక్ ఏ కీలో ఉంది? సి కాకపోతే గొంతుని ఇంకా లాగకండి, ట్రాక్‌నే మార్చండి. కార్డ్స్, బేస్ మిడి నోట్లే (కంప్యూటర్ వాయించేవే) కదా, ఒక్క నిమిషం పని. గొంతుని పాటకి సర్దడం కంటే పాటని గొంతుకి సర్దడం ఎప్పుడూ తేలిక.

లూప్_లక్ష్మణ్
అక్కా, నా ట్రాక్ బి మైనర్. ఓహో, అందుకే ఇంకో రెండు సెమీటోన్లు ఎక్కించి మొత్తం 7 చేద్దామా అనుకుంటున్నా ఇందాకటిదాకా.

స్వరజతి
ఆ పని చేయకండి. ట్రాక్‌ని రెండు సెమీటోన్లు దించి ఏ మైనర్‌లో పెట్టండి. సి షడ్జమంగా మోహనం అంటే సి, డి, ఇ, జి, ఎ. ఏ మైనర్ సెవెన్ మీద, ఎఫ్ మేజర్ నైన్ మీద హాయిగా కూర్చుంటుంది. మధ్యమం, నిషాదం గొంతులో లేవు కాబట్టి బేస్‌తో పెద్దగా గొడవ రాదు.

జీరో_క్రాసింగ్
టిక్ టిక్ సంగతి ఎవరూ చెప్పలేదు. వేవ్‌ఫామ్ సున్నా గీత మీద లేనప్పుడు కోస్తే అంచు దగ్గర ఒక్కసారిగా దూకుతుంది, అదే క్లిక్. స్నాప్ టు జీరో క్రాసింగ్ ఆన్ చేసుకో, అది లేని సాఫ్ట్‌వేర్ అయితే ముందు 2 మిల్లీసెకన్లు, చివర 5 మిల్లీసెకన్లు ఫేడ్ పెట్టు. శాంప్లర్‌ని మోనోలో పెట్టడం మర్చిపోవద్దు, కొత్త ముక్క రాగానే పాతది ఆగిపోవాలి, ఎంపీసీ ప్యాడ్ మెషీన్లలో మ్యూట్ గ్రూప్ అంటారు చూడు, అదే. లేకపోతే ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి సంతలా ఉంటుంది.

తెలుగుకి సంబంధించి ఒక చిక్కుంది. ఆటో స్లైస్‌ని నమ్మొద్దు. అది ఎక్కడ చప్పుడు ఒక్కసారిగా పెరిగితే అక్కడ కోస్తుంది. మన ఒత్తులు చూడు, 'చక్కని' అన్నప్పుడు 'చ' తర్వాత నోరు మూసుకుపోయి కొంచెంసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత 'క' పేలుతుంది. స్లైసర్ పేలిన చోట కోసేస్తుంది, ఆ నిశ్శబ్దం ముందు ముక్క తోకకి పోతుంది, ముక్కలు అటూ ఇటూ మార్చగానే 'చక్కని'లో ఒత్తు పోయి 'కని' అని బోడిగా మిగులుతుంది. ఆ నిశ్శబ్దంలో చివరి 40, 50 మిల్లీసెకన్లు కలుపుకుని చేత్తో కోయాలి, అప్పుడు బీట్ మీద పడేలా ముక్కని అంత ముందుకి జరుపుకోవాలి. ఆలాపనలో అయితే స్లైసర్‌కి అసలు ఏమీ దొరకదు, అన్నీ అచ్చులే, సాగుతూ పోతాయి.

పల్లెబీట్స్
మాట మధ్యలో కోసేటప్పుడు అర్థం కూడా చూసుకోండి బాబూ. మా ఫ్రెండ్ ఒకడు లవ్ సాంగ్‌లో 'పోకు' అన్న ముక్క కోసి, 'కు' బీట్‌కి అడ్డం వస్తోందని తీసేశాడు. డ్రాప్‌లో (బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే చోట) అమ్మాయి పదహారు సార్లు 'పో పో పో' అంటోంది 😂 స్పానిష్ శాంపిల్ అయితే ఎవడికీ తెలియదు, మన జనానికి వెంటనే తెలిసిపోతుంది.

వార్ప్_మార్కర్
నాకైతే అదే నచ్చింది, ఆ ట్రాక్ ఉంటే పంపు 😄

డల్లాస్_డెక్
నేను అమ్మమ్మ వాట్సాప్ వాయిస్ నోట్లు కోసి చేస్తుంటా, ఊళ్ళో కూర్చుని తను పాడే ఊయల పాటలు. వాయిస్ నోట్ బాగా కుదించి వస్తుంది, పై ఫ్రీక్వెన్సీలు పెద్దగా ఉండవు. దాన్ని కిందికి దించితే ఇంకా మసకగా అయిపోతుంది, పైకి లేపితే ఉన్న కాస్త మెరుపు పైకి జరిగి తేరుకుంటుంది. ఇప్పుడు ఫోన్ రికార్డర్‌లో పాడించి డాక్యుమెంట్‌గా పంపమని చెప్పా, మా బావమరిది దగ్గరుండి చేస్తున్నాడు. తేడా బోలెడు. మసక కావాలనుకునేవాళ్ళు మాత్రం వాయిస్ నోటే వాడుకోండి. లండన్ మ్యూజిక్ ప్రొడ్యూసర్ బరియల్ 2007 ఆల్బమ్‌లో గొంతులన్నీ అలా మసకబారి, ఆడో మగో తెలియకుండా పైకీ కిందికీ జరిగి ఉంటాయి, అదంతా సౌండ్ ఫోర్జ్ అనే ఎడిటర్‌లో కంటితో వేవ్‌ఫామ్ చూసుకుంటూ చేశాడు, గ్రిడ్ కూడా లేదు.

మాస్_మిక్స్
ఇంత కష్టం ఎందుకండీ, పాత సినిమా పాట తీసుకుని డెముక్స్ సాఫ్ట్‌వేర్‌లో గొంతు విడదీసి, పిచ్ మార్చేస్తే ఎవరికీ దొరకదు కదా?

ఫిల్మ్‌నగర్_సౌండ్
దొరుకుతుంది. దొరక్కపోయినా హక్కు మారదు, పిచ్ మార్చినంత మాత్రాన ఆ గొంతు నీది అయిపోదు. 2002లో అమెరికాలో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాట ఒకటి పెద్ద హిట్టు, అందులో లతా మంగేష్కర్ పాడిన 1981 నాటి హిందీ పాట ముక్క పర్మిషన్ లేకుండా ఉంది. ఆ హిందీ పాటకి బాణీ కట్టిన బప్పీ లహరి, రికార్డు కంపెనీ సారెగమ వాళ్ళు కోర్టుకెళ్ళారు, లహరి పేరు వేయకుండా అమ్మడానికి వీల్లేదని లాస్ ఏంజిలిస్ కోర్టు ఆపేసింది. అప్పుడు అంత పెద్ద కంపెనీనే ఆపేశారు, ఇక్కడ మనమెంత.

మన చట్టంలో రికార్డింగ్ మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. దాంతో అయిపోదు, రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి వాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. పాత పాట కదా అని చేయిపెడితే రెండో దాని దగ్గర దొరికిపోతారు. పైగా విడదీసిన గొంతులో వయొలిన్ల మరక ఎక్కడో ఒకచోట మిగులుతుంది, పిచ్ లేపగానే అది ఈల వేస్తుంది. లక్ష్మణ్ లాగా ఇంట్లో మనిషితో పాడించుకోవడం అన్నివిధాలా మేలు, కాకపోతే ఆ అక్కకి కూడా క్రెడిట్ వెయ్యి తమ్ముడూ, అడిగి వెయ్యి.

గుంటూరు_గరాజ్
ఇంట్లో మనిషే కాబట్టి మళ్ళీ పాడించొచ్చు కదా. ఈసారి 96 వద్దు. 3 సెమీటోన్లు మాత్రమే లేస్తే చాలనుకుంటే 128ని 1.189తో భాగించు, 107.6 వస్తుంది. ట్రాక్‌ని ఆ వేగానికి, ఆ పిచ్‌కి దించి హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తూ పాడించు. తర్వాత 128కి తెస్తే గొంతు కొంచెం చిన్నపిల్లలా ఉంటుంది కానీ కార్టూన్‌లా ఉండదు. టేప్ రోజుల్లో స్టూడియోల్లో మామూలుగా చేసిన పనే ఇది.

స్వరజతి
అప్పుడు గమకం కొంచెం నిదానంగా వేయమని కూడా చెప్పండి. పాడేవాళ్ళకి అది కష్టం కాదు, విలంబంలో సాధన చేసినవాళ్ళకి అలవాటే.

లూప్_లక్ష్మణ్
రాత్రి కూర్చున్నాను. రీ-పిచ్ పెట్టగానే నీళ్ళ చప్పుడు పోయింది. ట్రాక్ ఏ మైనర్‌కి దించాను, ఆలాపనలో పంచమం మీద నిలిపిన 'ఆ' దొరికింది, అదొక్కటే మూడు కీల మీద పరిచి వాయిస్తుంటే పాటకి హుక్ అయిపోయేలా ఉంది. ఆదివారం అక్క వస్తుంది, 107.6లో మళ్ళీ పాడిస్తా. ఇంకో డౌట్, రివర్బ్ (గది ప్రతిధ్వని) కోసే ముందు వేయాలా, కోశాక వేయాలా?

వార్ప్_మార్కర్
కోశాక. ముక్కలన్నీ ఒకే గదిలో ఉన్నట్టు ఉంటాయి.

జీరో_క్రాసింగ్
గరాజ్‌కి ముందే. రివర్బ్‌తో కలిపి బౌన్స్ చేసి (ఒకే ఫైల్‌గా తీసి), అప్పుడు కోయి. తోకలు సగంలో తెగిపోతుంటే ఆ తెగడమే స్వింగ్‌లా వినపడుతుంది. రెండూ చేసి ఇక్కడ పెట్టు, విని చెప్తాం.